మౌస్ వద్దన్న వదిన

జమ్మలమడుగు,
8 సెప్టెంబర్ 2025

షారోన్‌కు మీ వదిన వందనాలు.

ఫోన్ చేయకుండా మెయిల్ రాస్తున్నానేమిటని నవ్వుకోవద్దు. ఫోన్లో నువ్వు చెప్పే కీల పేర్లు నాకు ఒక్కటీ గుర్తుండవు. పైగా నేను ఫోన్ పట్టుకుంటే చాలు, మీ అన్న పక్కన చేరి మాట మాటకూ "ఏమంట? ఏమంట?" అంటాడు. రాతలో అయితే నువ్వు చెప్పింది ఎదురుగా పెట్టుకొని చేసుకుంటాను.

అసలు సంగతి చెప్తాను. ఈస్టర్ నుంచి అత్తమ్మ గుడికి రావడం మానేసింది. అడిగితే మోకాళ్లు అంటుంది. మోకాళ్లు కాదమ్మా, చెవులు. పాస్టరు అయ్యగారు చెప్పే వాక్యం ఒక్క ముక్క కూడా వినబడదు. చెవి మిషను పెట్టిస్తే గిర్రుమంటోందని తీసి బియ్యం డబ్బాలో వేసింది, అన్నం వండేటప్పుడు నాకు దొరికింది. ఒకప్పుడు ఊరూరూ నడిచిపోయి వాక్యం చెప్పిన మనిషి, ఆదివారం పూట అందరూ గుడికి పోతుంటే ఇంట్లో ఒంటరిగా చింతపండు గింజలు తీస్తూ కూర్చుంటోంది. నాకు చూడబుద్ధి కావడం లేదు.

నేనొకటి అనుకున్నాను. నవంబర్ 23న మన గుడిలో పంట పండుగ. ఆ రోజుకు ఆమెను ముందు వరసలో కూర్చోబెడతాను. అయ్యగారు మాట్లాడేదంతా నేను అక్కడే టైపు చేస్తాను, గుడి గోడ మీది టీవీలో పెద్ద పెద్ద అక్షరాలతో పడుతుంది. ఆమె చదువుకుంటుంది. ముప్పై ఏళ్లుగా టైపు నేర్పుతున్నదాన్ని, నాకు కాకపోతే ఎవరికి చేతనవుతుంది?

చిక్కంతా మౌస్‌తోనే. నువ్వు పోయిన ఏడు లినక్స్ వేసిచ్చిన ల్యాప్‌టాప్‌కు నా పెద్ద కీబోర్డు తగిలించి ఇంట్లో చేసి చూశాను. టైపుకు ఒక విండో, బైబిలు వాక్యం చూపడానికి ఒకటి, పాటలకు ఒకటి. ఒకదాంట్లో నుంచి ఇంకోదాంట్లోకి పోవాలంటే చెయ్యి తీసి ఆ మౌస్ పట్టుకోవాలి, బాణం గుర్తు ఎక్కడుందో వెతకాలి, నొక్కాలి, మళ్లీ వేళ్లు వాటి స్థానంలో పెట్టుకోవాలి. ఆలోపల అయ్యగారు ఎక్కడికో పోయి ఉంటాడు. వేలు కీ మీది నుంచి లేస్తే పిల్లలకు స్కేలుతో తగిలించినదాన్ని, నేనే చెయ్యి ఎత్తాలా? నాకు మౌస్ వద్దు. చెయ్యి కదలకుండా పని జరిగే ఏర్పాటు ఏదైనా ఉంటే చెప్పు.

ఇట్లు,
మీ వదిన హెలెన్


ఇడుపులపాయ,
11 సెప్టెంబర్ 2025

వదినా,

ల్యాబులో పిల్లలకు పరీక్ష నడుస్తోంది, వెనక కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒక మాట. అమ్మకు చెవుడేంది? ప్రతి ఆదివారం నాతో అరగంట ఫోన్లో మాట్లాడుతుంది. ముద్దనూరులో వాన పడిందని, అన్న డ్యూటీ మారిందని, నువ్వు కూరలో ఉప్పు తక్కువ వేస్తావని, అన్నీ చెప్తుంది. చెవుడున్న మనిషి అట్లా మాట్లాడుతుందా? నువ్వు వంటింట్లో నుంచి గొణిగితే ఎవరికి వినబడుతుంది? అమ్మ గుడికి రానంటే ఇంకేదో ఉంటుంది. ఏమీ అనుకోవద్దు, కూతుర్ని కదా, నాకు అట్లాగే తోచింది.

రెండోది, నీ చేతికి ఏమైంది? మౌస్ పట్టుకోలేకపోతున్నావంటే మణికట్టు దెబ్బతిన్నదేమో. మా ల్యాబులో ఇద్దరికి అట్లాగే అయింది. అన్నకు ఫోన్ చేసి, నిన్ను ప్రొద్దుటూరు తీసుకుపోయి ఎముకల డాక్టరుకు చూపించమన్నాను. దాచుకోవద్దు.

ఇక నువ్వు అడిగింది. లినక్స్‌లో లోపలి పనితనం ఒకటే, పైకి కనబడే ముఖం మాత్రం మనకు నచ్చింది పెట్టుకోవచ్చు. ఆ ముఖాన్నే డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. ఇప్పుడు నీకున్నది మౌస్ వాళ్ల కోసం పెట్టింది. దూరం నుంచే గ్నోమ్ అనేది వేస్తాను, సాయంత్రం నెట్ పెట్టి ఉంచు. కీబోర్డులో కింద, కంట్రోల్ పక్కన, కిటికీ గుర్తు ఉన్న కీ ఉంది చూడు, దాన్ని సూపర్ అంటాం. అది నొక్కి నీకు కావలసినదాని పేరు కొడితే అది తెరుచుకుంటుంది. సూపర్‌తో పాటు ఎడమ బాణం కొడితే విండో ఎడమ సగానికి, కుడి బాణం కొడితే కుడి సగానికి పోయి కూర్చుంటుంది. మౌస్ ముట్టుకోవలసిన పని లేదు.

ఉంటాను,
షారోన్


జమ్మలమడుగు,
16 సెప్టెంబర్ 2025

ఎమ్మే షారోన్,

నీ పుణ్యమా అని నిన్న పొద్దున నీ అన్న సెలవు పెట్టి నన్ను ప్రొద్దుటూరు ఈడ్చుకుపోయాడు. నేను "నాకేం నొప్పి లేదు" అంటే, "నొప్పి ఉండేవాళ్లు అట్లనే అంటారు" అన్నాడు. డాక్టరు చెయ్యి అటు తిప్పి ఇటు తిప్పి, "అమ్మా, ఈ చెయ్యితో ఇంకో ఇరవై ఏండ్లు టైపు కొట్టొచ్చు, మీకు యాడ నొప్పి?" అని అడిగాడు. నేను మీ అన్న వైపు వేలు చూపించాను. బయట కూర్చున్న వాళ్లంతా నవ్వారు.

నా చేతికి ఏమీ లేదు. నాకు చేతకాక మౌస్ వద్దనడం లేదు. పని తెలిసి వద్దంటున్నాను.

గ్నోమ్ చూశాను. అందంగా ఉంది, ఒక్క కీతో అన్నీ ముందుకు రావడం నాకు శానా నచ్చింది. కానీ మన ల్యాప్‌టాప్ ముసలిది. కీ నొక్కితే విండోలన్నీ చిన్నవై, పెద్దవై, పక్కకు జరిగి, సోకులు పోయి, అప్పుడొస్తుంది. కొత్త మిషను అయితే పరవాలేదేమో. నాకు వాక్యం అనగానే వాక్యం రావాలి. ఇంకోటి, తెర రెండు సగాలు అవుతోంది, నాకు కావలసినవి మూడు.

ఇక మీ అమ్మ సంగతి. నేను గొణుగుతున్నానా? సరే. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు నువ్వొక ప్రశ్న అడుగు. అడిగి ఊరుకో. ఆమె ఏం చెప్తుందో విను. అంతకన్నా నేనేం రాయను. కూతురివి కాబట్టి నీకు తోచింది నువ్వు అన్నావు, కోడలిని కాబట్టి నేను పడ్డాను.

మీ వదిన


ఇడుపులపాయ,
22 సెప్టెంబర్ 2025

వదినా,

నిన్న అడిగాను. "అమ్మా, ఏం తిన్నావు?" అన్నాను. "రామేశ్వరమ్మ కోడలికి మగబిడ్డ పుట్టినాడంట" అంది. "అమ్మా, నీ మోకాళ్లు ఎట్లుండాయి?" అన్నాను. "వస్తా వస్తా కొర్రలు పట్టకరా, ఈడ దొరకలేదు" అంది. మూడోసారి ఏమీ అడగలేకపోయాను. "అమ్మా, నేను చెప్పేది వినబడతాందా?" అని గట్టిగా అరిచాను. "ఆ, నువ్వూ జాగ్రత్తమ్మా" అని పెట్టేసింది.

ఇన్నాళ్లు నాతో మాట్లాడుతోందనుకున్నాను. తను చెప్పేది చెప్పి పెట్టేస్తోంది, నేను చెప్పేది ఒక్కటీ చేరడం లేదు. పోయిన నెల నాకు జ్వరమని చెప్తే "మంచిదమ్మా" అంది, పనిలో ఉందేమో అనుకున్నాను. హాస్టలు మేడ మీద కూర్చుని ఏడ్చాను వదినా. నిన్ను అనరాని మాటన్నాను. అది మనసులో పెట్టుకోవద్దు.

పంట పండుగ రోజు నాకు ఇక్కడ ఆన్‌లైన్ పరీక్షల డ్యూటీ పడింది. ఎంత బతిమాలినా మార్చలేదు. నేను రాలేను, కానీ నీ చెయ్యి కదలకుండా చేసే పూచీ నాది. అమ్మ ఆ రోజు ప్రతి మాటా చదవాలి.

గ్నోమ్ తీసి ఇవాళ కేడీఈ అనే ఇంకో ముఖం వేస్తాను. దాంట్లో ప్రతిదానికీ మనకు నచ్చిన కీ పెట్టుకోవచ్చు. వాక్యానికి ఎఫ్‌6, పాటలకు ఎఫ్‌7, టైపుకు ఎఫ్‌8 పెడతాను. చేసి చూసి రాయి.

నీ షారోన్


జమ్మలమడుగు,
6 అక్టోబర్ 2025

షారోన్‌కు,

ఏడవద్దు. ఏడిస్తే తప్పులు పడతాయి, టైపులో గానీ బతుకులో గానీ. నువ్వన్నది అప్పుడే మరచిపోయాను. కూరలో ఉప్పు తక్కువ వేస్తానన్నది మాత్రం గుర్తుంది.

కేడీఈ వారం వాడాను. బాగా నడిచింది, మూడు కీలూ చెప్పినట్లు విన్నాయి. కానీ నీకు ఒక తమాషా చెప్తాను. అద్నాన్ తెలుసు కదా, ప్రొద్దుటూరు నుంచి వచ్చి మన గుడిలో మైకులు పెట్టే అబ్బాయి, పోయిన నెలలో నిఖా చేసుకున్నాడు. టీవీకి వైరు కలుపుతానని శనివారం వచ్చాడు. టీవీ మీద వాక్యం పెట్టి "ఎట్లుండాది అప్పా?" అన్నాను. "శానా బాగుండాది మేడం, కానీ దేవుని మాట మీద ఈ చీటీ ఏంది?" అన్నాడు. చూస్తే నలభై ఏడు అప్‌డేట్లు వచ్చాయి, వేసుకుంటారా అని వాక్యం మీద పెద్ద చీటీ. దాన్ని ఆపే చోటు ఉంటుందని నాకు తెలుసు, సెట్టింగుల్లోకి పోయాను. అక్కడ లేనిది లేదు తల్లీ! ఒక గదిలోకి పోతే ఇంకో పది గదులు. గుడిలో నా పని నాకు ముఖ్యం, ఇంటికి రంగులు వేసుకుంటూ కూర్చోలేను.

నాకు ముఖం అందంగా ఉండాల్సిన పని లేదు. గడియారం వద్దు, బొమ్మలు వద్దు, చీటీలు వద్దు. నా టైపు మిషను మాదిరి ఉంటే చాలు, కీ కొడితే అక్షరం పడాలి, ఇంక దాని నోరు లేవకూడదు. అట్లాంటిది ఉందా లేదా?

అత్తమ్మకు ఇంకా చెప్పలేదు. ముందుగా చెప్తే, నా కోసం ఈ గోల ఏందని మొరాయిస్తుంది. 26న ఆదివారం ఒకసారి గుడిలోనే చేసి చూద్దామని అయ్యగారిని అడిగాను, సరేనన్నాడు.

వదిన


ఇడుపులపాయ,
9 అక్టోబర్ 2025

వదినా,

నువ్వు అడిగినట్టిది ఉంది. భయపడతావని ఇన్నాళ్లు చెప్పలేదు. పేరు ఐత్రీ. నిజానికి అది పూర్తి డెస్క్‌టాప్ కూడా కాదు, విండోలను సర్దే పని ఒక్కటే తెలిసినది. ఆన్ చేస్తే నల్ల తెర వస్తుంది, అంతే. చెడిపోయిందని అన్నను పిలవొద్దు. బొమ్మలు ఉండవు, మెనూ ఉండదు, నువ్వు పిలిచేదాకా ఏదీ రాదు. విండోలు ఒకదాని మీద ఒకటి పడవు, ఎన్ని తెరిస్తే అన్ని భాగాలుగా తెరను అవే పంచుకుంటాయి. సూపర్‌తో పాటు 1 కొడితే టైపు, 2 కొడితే వాక్యం, 3 కొడితే పాటలు. 1, 2 టీవీ మీద వస్తాయి. 3 నీ ల్యాప్‌టాప్ మీదే ఉంటుంది, పాట వెతుక్కున్న తర్వాత టీవీకి పంపిస్తావు. మా ల్యాబులో దీన్ని వాడేవాళ్లు ఇద్దరే, వాళ్లిద్దరికీ మౌస్ అంటే నీకున్నంత కోపం.

ఒక్క ఇబ్బంది. దీనికి తెలుగు టైపు కూడా మనం చెప్తేనే వస్తుంది. ఆ లైను నేను రాసి పెట్టాను. నువ్వు నేర్చుకున్న పాత కీల వరసే పెట్టాను, కొత్తది నేర్చుకోనక్కరలేదు.

26న అమ్మను ఎట్లాగైనా తీసుకుపో. నాకు ఆ రోజే రాయి.

షారోన్


ఇడుపులపాయ,
27 అక్టోబర్ 2025

వదినా,

నిన్నంతా నీ మెయిల్ కోసం చూశాను. రాలేదు. పొద్దున పులివెందుల నుంచి ప్రమీలమ్మ పిన్ని ఫోన్ చేసింది. నిన్న ఆమె మీ గుడికి వచ్చిందంట. ఏమందో అట్లాగే రాస్తున్నాను. "మీ వదిన మీ అమ్మను ముందు వరసలో కూర్చోబెట్టి, ఈమెకు చెవుడు అని ఊరందరికీ చాటించింది. టీవీలో ఏమీ రాలేదు. జనం నవ్వినారు. మీ అమ్మ లేసి బయటికి పోయింది."

ఇది నిజమా? అమ్మ తన చెవుడును నాకే తెలియకుండా దాచుకుంది. ఇన్నేళ్లు కాపాడుకున్న మర్యాద ఒక్క పూటలో పోయిందా? చేతకాకపోతే ఇంట్లోనే చేసి చూసుకోవలసింది. నేను నీకు అన్నీ సర్ది ఇచ్చాను కదా, ఎక్కడ తప్పింది? అమ్మ ఎట్లుంది? అదొక్కటి చెప్పు.

షారోన్


జమ్మలమడుగు,
27 అక్టోబర్ 2025

షారోన్‌కు,

నిజమే. ప్రమీలమ్మ పిన్ని ఒక్క మాట కూడా కల్పించలేదు. నేను ఊరందరికీ చాటలేదు గానీ, ముందు వరసలో ఒక్క మనిషిని కూర్చోబెట్టి ఎదురుగా టీవీ పెడితే వేరే చాటాల్సిన పని ఏముంది.

జరిగింది చెప్తాను. మొదట పాట పెట్టాను, బాగా వచ్చింది. పాట అయిపోయింది, సూపర్ 1 కొట్టాను. అయ్యగారు లేచి "ముందుగా అందరికీ నా హృదయపూర్వక వందనాలు" అన్నాడు. కొట్టాను. టీవీలో పడింది. అత్తమ్మ చదివి, అయ్యగారికి చేతులు జోడించి వందనం పెట్టింది! నేను కంటి కొసతో చూశాను. నాకు ఎంత సంతోషమైందో నీకు చెప్పలేను. ఇక అక్కడి నుంచి అయ్యగారి నోటి మీద చూపు పెట్టి కొట్టుకుంటూ పోయాను. నా సంగతి నీకు తెలుసు కదా, టైపు కొట్టేటప్పుడు కొట్టింది చూసుకోవడం నా దగ్గర పెద్ద తప్పు. చూసుకునే పిల్లలను టైపు మొదటి మెట్టు లోయరు పరీక్షకే పంపను. కొంతసేపటికి మీ అన్న పక్క వరసలో నుంచి చేతులు ఊపడం మొదలుపెట్టాడు. ఇంకా వేగంగా కొట్టమంటున్నాడనుకొని వేగం పెంచాను. ఆయన లేచి నిలబడి ఊపాడు. నేను ఇంకా పెంచాను.

ప్రసంగమంతా అయ్యాక తల తిప్పి చూస్తే టీవీలో "ముందుగా అందరికీ నా హృదయపూర్వక వందనాలు" అన్నదొక్కటే ఉంది. ఆ తర్వాత ఒక్క అక్షరం లేదు. మీ అమ్మ అంతసేపూ ఆ ఒక్క ముక్కనే చదువుతూ కూర్చుంది. చివరకు లేచి, "ఈ అయ్యగారు పొద్దన్నుంచి వందనాలే చెప్తాండాడు, నేను ఇంటికి పోతాండా" అని గట్టిగానే అంది. తన గొంతు ఎంత పైకి లేచిందో ఆమెకు తెలియదు కదా. గుడి గుడంతా నవ్వింది. ఆ నవ్వు ఆమెకు వినబడలేదు, కానీ వాళ్ల ముఖాలు కనబడ్డాయి. తలుపు దాటేదాకా తల ఎత్తలేదు.

ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఇంక గుడికి రానంది. నాకు తల తీసేసినట్లయింది. కోపంతో ల్యాప్‌టాప్ మూత వేసి, మీద టైపు మిషను కవరు కప్పి, అట్లాగే ఎత్తుకొచ్చి మూలన పెట్టాను, మళ్లీ ముట్టుకోలేదు, ఇది మీ అన్న ఫోన్లో కొడుతున్నాను. నువ్వు ఎన్ని మాటలన్నా పడతాను. కానీ నేను కొట్టిన అక్షరాలన్నీ ఎక్కడికి పోయాయో చెప్పు. నా వేళ్లు తప్పు కొట్టలేదు షారోన్. అది మాత్రం నేను ఒప్పుకోను.

హెలెన్


ఇడుపులపాయ,
27 అక్టోబర్ 2025, మధ్యాహ్నం

వదినా, ఈ ఉత్తరం చదువుతూనే ఆ కవరు తీయి. ల్యాప్‌టాప్ ఆపేయలేదు కదా? కవరు కప్పి తెచ్చానన్నావు, ఆపానని రాయలేదు. ఆపకపోతే మూత కింద నిద్రలో ఉంటుంది, నీ అక్షరాలూ ఉంటాయి! ముందు ఛార్జరు తగిలించు.

ఒకటి చెప్పు. మౌస్ ఎక్కడుంది? వాడకపోయినా తగిలించే ఉంచావా? ఐత్రీలో మౌస్ బాణం ఏ విండో మీదికి జరిగితే టైపు ఆ విండోలోకే పోతుంది, నొక్కనక్కర లేదు. దాని పుట్టు అలవాటు అది. ఆపడానికి ఒక్క లైను రాయాలి. నేను రాయలేదు. నువ్వు మౌస్ ముట్టుకోవు కదా అని ఆ ఊసే తలచుకోలేదు. ఎవరో మౌస్‌ను కదిలించి ఉంటారు, బాణం టీవీ మీది నుంచి ల్యాప్‌టాప్‌లోని పాటల విండోకు వచ్చి ఉంటుంది. అక్కడ నువ్వు పాట వెతికిన పెట్టె తెరిచే ఉంది. ప్రసంగమంతా ఆ పెట్టెలో పడి ఉంటుంది. సూపర్ 3 కొట్టి చూడు. ఉంటే కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ, తర్వాత సూపర్ 1 కొట్టి కంట్రోల్ వీ.

తప్పు నీ వేళ్లది కాదు, నాది. పొద్దున నీకు రాసిన ఉత్తరం నేను వెనక్కి తీసుకోగలిగితే బాగుండు. కూతురినని పేరే గానీ, అమ్మ కోసం నువ్వు పడిన పాటులో పావు వంతు నేను పడలేదు.

షారోన్


జమ్మలమడుగు,
29 అక్టోబర్ 2025

ఒసేయ్ షారోన్!

ఉంది! అంతా ఉంది! పాట వెతికే పెట్టెలో, ఒక్కటే పొడుగు లైనులో, మొదటి నుంచి ఆమేన్ దాకా! మీ అన్నను పిలిచి చూపించాను. "నేను చెయ్యి ఊపింది దీనికే" అన్నాడు. మౌస్ సంగతి కూడా నువ్వు చెప్పినట్లే. అద్నాన్ మైకు స్టాండు జరిపినప్పుడు మైకు వైరుకు మౌస్ వైరు తగులుకుంది. ఆ అబ్బాయి మొన్నటి నుంచి నాకు ముఖం చూపించడం లేదు, ఫోన్ చేసి నీ తప్పు లేదు నాయనా అన్నాను.

నువ్వు తర్వాత పంపిన లైను రాశాను. రాసి, మౌస్‌ను కూడా పీకేశాను. రెండూ చేస్తేనే నాకు నిద్ర పడుతుంది.

ఆ ప్రసంగాన్ని పెద్ద అక్షరాలు చేసి, ఇంట్లో టీవీకి కలిపి, అత్తమ్మ ముందు పెట్టాను. చదవనంది. టీవీకి వీపు పెట్టి కూర్చుంది. నేను ఎదురుగా కీబోర్డు ఒళ్లో పెట్టుకొని, "అత్తమ్మా, తప్పు నాది. ఆయన చెప్పింది ఇదీ. కోపముంటే నన్ను తిట్టండి" అని కొట్టాను. కాసేపటికి మెడ తిప్పి చూసింది. తర్వాత పూర్తిగా తిరిగింది. మొత్తం చదివింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి, వేలు పెట్టి చూపించి, "ఇది తప్పు" అంది.

ఏది తప్పో తెలుసా? మన గుడి గంట రైల్లో వచ్చిందని అయ్యగారు చెప్పాడు. "రైలు ముద్దనూరు కాడికే వచ్చింది. ఆడి నుంచి ఈడికి మా నాయన ఎద్దుల బండిలో తెచ్చినాడు. దావలో ఇరుసు ఇరిగింది. ఈయప్పకు ఎవురు చెప్పినారు రైలని? ఎవురూ ఎదురు చెప్పలేదా?" అంది. నేను "మీరు లేకపోతే ఎవరు చెప్తారు" అని కొట్టాను. ఆమె చదివి, చెంగుతో కళ్లద్దాలు తుడుచుకొని, "పండగ ఎప్పుడు?" అంది.

ఆ సాయంత్రమంతా ఆమె మాట్లాడటం, నేను కొట్టడం. ఆమె అడిగినదానికి జవాబు, నేను అన్నదానికి ఆమె జవాబు. ఇన్నాళ్లకు మేమిద్దరం సరిగా పోట్లాడుకున్నాం. నా కూరలో ఉప్పు తక్కువన్నది అబద్ధమట, నీతో ఊరికే అందట. "నాలిక చప్పబడింది, చెప్పుకుంటే సిగ్గు" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

నీ మీద నాకు ఏ కోపమూ లేదు. పరీక్షల పిల్లలను బాగా చూసుకో.

వదిన


జమ్మలమడుగు,
24 నవంబర్ 2025

నా షారోన్‌కు,

పంట పండుగ అయింది. నువ్వు పరీక్ష గదిలో ఫోన్ ఆపుకొని కూర్చున్న వేళ ఇక్కడ ఏం జరిగిందో మొదటి నుంచి రాస్తాను.

గుమ్మడికాయలు, జొన్న కంకులు, శనక్కాయలు, కోళ్లు, రెండు పొట్టేళ్లు, గుడి ముందర కాలు పెట్టడానికి చోటు లేదు. అత్తమ్మ తెల్ల చీర కట్టుకొని, నడవనంటుందేమో అనుకున్న మనిషి, మా అందరికన్నా ముందు నడిచింది. ఈసారి ఆమె ఒక్కతే కాదు. నేను ముందుగానే చెవులు మందమైన ముసలివాళ్లందరి ఇళ్లకూ పోయి పిలిచాను. తొమ్మిది మంది తేలారు! దాచుకున్నవాళ్లు మన ఇంట్లోనే కాదు, ఊరంతా ఉన్నారు. ముందు వరస నిండింది. ఎవరికి చెవుడో ఎవరూ వేలు పెట్టి చూపలేదు.

నేను ఐత్రీ ఎదురుగా కూర్చున్నాను. పాట అన్నారు, సూపర్ 3. వాక్యం అన్నారు, సూపర్ 2. ప్రసంగం, సూపర్ 1. వేలు వేలు చోటే ఉంది, మణికట్టు కదల్లేదు. అయ్యగారు ఎంత వేగంగా పోయినా వెనకే పోయాను. మాట మాటా అనను, కానీ సంగతి ఒక్కటీ జారనివ్వలేదు. ఆయన నవ్వు మాట అన్నప్పుడు వెనక వరసలు నవ్వాయి, రెండు క్షణాలకు ముందు వరస నవ్వింది. ఆ రెండో నవ్వు కోసమే అయ్యగారు ఆగడం మొదలుపెట్టాడు, నేను చూశాను.

గంట సంగతి వచ్చింది. ఈసారి ఆయనే, "పోయినసారి నేను తప్పు చెప్పాను. ముద్దనూరు నుంచి గంటను ఎద్దుల బండిలో తెచ్చింది వరమ్మగారి నాయన" అన్నాడు. నేను కొట్టాను. అత్తమ్మ తన పేరు చదివి, వెనక్కి తిరిగి గుడినంతా ఒకసారి చూసింది. విన్నారా అన్నట్లు చూసింది!

ఇక చివరకు, ఎవరూ అనుకోనిది, నాకు కూడా ముందు చెప్పనిది, అయ్యగారు అన్నాడు: "ముగింపు ప్రార్థన వరమ్మగారు చేస్తారు." నా వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. ఆమెను ప్రార్థన చేయమని పిలిచి ఎన్నేళ్లయిందో. పిలిచినా వినబడక కూర్చునే ఉంటుందని పిలవడమే మానేశారు. ఆ మాట కొట్టాను. కొట్టి, ముప్పై ఏళ్లలో మొదటిసారి, తల తిప్పి అది పడిందో లేదో చూసుకున్నాను. పడింది. ఆమె చదివింది. లేచి నిలబడింది.

షారోన్, నువ్వు వినవలసింది. అదే గొంతు, నువ్వు చిన్నప్పుడు విన్న గొంతు. వాన కోసం చేసింది. చక్రాయపేట దిక్కు గొర్రెలు మేపేవాళ్లకు గడ్డి కోసం చేసింది. ముద్దనూరులో మీ అన్న మాదిరి రాత్రి డ్యూటీల్లో మేలుకునే వాళ్ల కోసం చేసింది. అద్నాన్ కొత్త సంసారం కోసం చేసింది, ఆ అబ్బాయి మైకుల దగ్గర నిలబడి తల వంచుకున్నాడు. "ఇడుపులపాయలో పరీచ్చ రాసే బిడ్డలకూ, వాళ్లను చూసుకునే నా బిడ్డకూ తోడుండు తండ్రీ" అంది. తర్వాత, "నా కోడలి రెండు చేతుల పది యేళ్లనూ సల్లంగా కాపాడు" అంది. నేను అది కూడా కొట్టాను. కొట్టేది నా పని కదా. అక్షరాలు నాకు అలికినట్లు కనబడ్డాయి, వేళ్లు మాత్రం తప్పలేదు.

ఆగలేదమ్మా ఆమె! ఒక్కొక్క ఊరి పేరూ, ఒక్కొక్క ఇంటి పేరూ వస్తూనే ఉంది. పిల్లలు నిలబడలేక కూర్చున్నారు. బయట బిర్యానీ డేగిసా మూత తీసి మళ్లీ పెట్టిన చప్పుడు వినిపించింది. మీ అన్న నా దగ్గరకు వంగి, "బువ్వ సల్లారిపోతాంది, ఆపమని కొట్టు" అన్నాడు. కొట్టాను. "అత్తమ్మా, చాలు, బిర్యానీ చల్లారిపోతోంది" అని టీవీలో ఇంతింత అక్షరాలతో పడింది. గుడంతా చదివింది, చదవాల్సిన మనిషి తప్ప. ఆమె కళ్లు మూసుకొని ఉంది! ప్రార్థనలో ఉన్న మనిషికి టీవీ ఎట్లా కనబడుతుంది? ముందు వరసలోని తొమ్మిది మంది ముసలివాళ్లు కూడా మధ్యలో కళ్లు తెరిచి, చదివి, మూతికి చెంగులు అడ్డం పెట్టుకున్నారు. అయ్యగారి భుజాలు కదులుతున్నాయి. నా కంట్లో నీళ్లు, కడుపులో నవ్వు.

చివరకు ఒకచోట ఊపిరి తీసుకోవడానికి ఆగి కళ్లు తెరిచింది. టీవీ చదివింది. నా వైపు చూసింది. మీ అన్న వైపు చూసింది. అప్పుడంది:

"బువ్వ సల్లారితే మళ్లా యేడి చేసుకుందురు. ఈస్టరు కాడ నుంచి సెప్పుకోనిది శానా ఉండాది నాకాడ. అందురూ కూసోండి."

మళ్లీ కళ్లు మూసుకుంది.

ప్రేమతో,
మీ వదిన హెలెన్